కుండ అడుగున కృష్ణ

క్రిస్టీనా, నువ్వడిగిన రేవు కథ రాసి పంపుతున్నాను. ఇందులో ఏది ముందు జరిగింది, ఏది వెనక జరిగింది అన్నది కాస్త తారుమారు కావచ్చు. మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే బల్లకట్టు రెండోసారి ఇసుకలో దిగబడింది క్రిస్మస్‌కి ముందా తర్వాతా అని అడిగితే గట్టిగా చెప్పడం కష్టం. పెద్ద వరద వచ్చి పోయిన ఏడాది అని మాత్రం ఖాయం. మిరపకోతలు మొదలైన రోజులని కూడా ఖాయం.

ఓబులరేవులో రెబ్కాది ఏటికి ఎదురుగా ఉన్న ఇల్లు. రోజూ పొద్దుగూకే వేళకి ఆవిడ కృష్ణలో దిగి ఒక కుండ నీళ్ళు ముంచుకొచ్చేది. కుండ లోపలి గోడకి ఇండుపగింజ అరగదీసి, మూతపెట్టి వదిలేసేది. తెల్లారేసరికి మట్టి అంతా అడుక్కి దిగి, నీళ్ళు అద్దంలా తేరుకునేవి. ఇది అందరిళ్ళల్లోనూ ఉండే పనే. రెబ్కా కుండలో మాత్రం అడుక్కి దిగిన మట్టి ఏటి అడుగులాగే పేరుకునేది. ఎక్కడ ఇసుక మేట వేసిందో అక్కడ చిన్న తిన్నె, ఎక్కడ లోతుందో అక్కడ గీత, ఏటి మధ్యనున్న నడిమిబండ దగ్గర శనగగింజంత బొడిపె. కుండ ఎత్తినా దించినా ఆ మట్టి కలిసేది కాదు.

దాని గురించి ఊళ్ళో ఎవరూ వింతగా చెప్పుకోలేదు. పేపరు చూసినట్టు పొద్దున్నే వచ్చి చూసి పోయేవాళ్ళు. "ఇవాళ లంక పక్కన ఎంతుంది రెబ్కమ్మా?" అని గడ్డికి పోయే జానీబీ అడిగేది. "మోకాటి లోతే, పో" అనేది రెబ్కా. ఆవిడ మొగుడు బతికున్నంతకాలం ఆ కుండలో చూసే బల్లకట్టు నడిపాడు. పోయాక కొడుకు దానయ్య సరంగయ్యాడు. అతను కూడా కుండలో తొంగి చూడకుండా ఇంజను స్టార్టు చేసేవాడు కాదు. ఆ మట్టి గీతలు చదవడం మాత్రం రెబ్కాకే వచ్చు. అతనికి అది బురదలాగే కనపడేది.

పాతికేళ్ళలో ఒక్కసారి కూడా దిగబడని బల్లకట్టు ఆ ఏడాది నెల తిరక్కుండా రెండుసార్లు దిగబడింది. ఒకసారి మిరపకాయ టిక్కీ బస్తాల ట్రాక్టరుతో, ఇంకోసారి పెళ్ళివాళ్ళ వ్యానుతో. రెండుసార్లూ రెబ్కా చెప్పిన దారినే పోయారు. రేవుని వేలంలో పాడుకున్న పాటదారు గట్టుమీద నిలబడి చెప్పేశాడు. "చూడు దానయ్యా, మూడోసారి ఆగిందంటే నీ చోట్లో వేరే సరంగు ఉంటాడు. మీ అమ్మకి వయసైపోయింది. కుడికీ ఎడమకీ తేడా మర్చిపోతే మేం మునగాలా?"

ఆ మాట రెబ్కా గుండెలో ముల్లులా దిగింది. ఎందుకంటే ఆవిడకీ అదే భయం. పొయ్యిమీద ఎసరు పెట్టిన సంగతి మర్చిపోతోంది. చర్చిలో పక్కన కూర్చున్న మనిషి పేరు నాలిక చివరదాకా వచ్చి ఆగిపోతోంది. ఏరు కూడా మర్చిపోతున్నానేమో?

ఆ తర్వాత ఒక పొద్దున మంచు దట్టంగా పట్టింది. కిందటి రాత్రి పై డ్యాం నుంచి నీళ్ళు వదిలారు. దానయ్య వంటగది గడప దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"చెప్పమ్మా. ఎటు?"

రెబ్కా కుండమీదికి వంగింది. నడిమిబండకి కుడిపక్క కొత్తగా ఏదో ఉంది. వేలెడు పొడుగు, నల్లగా, ఒక కొస పైకి లేచి.

"ఎడంపక్క పో. కుడిపక్క ఏదో పడుంది."

"ఖాయమేనా?"

ఆవిడ నోరు ఒక్క క్షణం ఆగింది. "ఖాయమేరా."

ఆ క్షణం ఆగడం దానయ్య చూశాడు. మెట్లు దిగిపోయాడు. రేవులో చిలకలూరిపేట నుంచి వచ్చిన లారీ పత్తిగింజల లోడుతో కాచుకుని ఉంది, అవతల ఆయిల్ మిల్లుకి పోవాలి. మిరపకోతకి పోయే ఆడవాళ్ళు పాతికమంది గోనెపట్టాలు చంకన పెట్టుకుని ఎక్కారు. అవతలి ఒడ్డు బళ్ళో పాఠం చెప్పే జయకుమారి కూడా ఎక్కింది. ఆమె దానయ్య భార్య, పెళ్ళయి మూడు నెలలు.

లారీ డ్రైవరు అంకమ్మరావు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఏం సరంగూ, ఇవాళ అవతలికా, ఇసుకలోకా? ఇసుకలోకయితే చెప్పు, అన్నం మూట తెచ్చుకుంటా."

"నీ లోడు సంగతి నువ్వు చూసుకోవయ్యా" అన్నాడు దానయ్య, నవ్వకుండా.

ఇంజను శబ్దం మంచులో కలిసిపోయింది. వంటగదిలో రెబ్కా కుండ మూత చేత్తో పట్టుకుని ఆగిపోయింది. తను ఏమంది? ఎడమ అందా, కుడి అందా? ఇప్పుడే కదా అంది! ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదు. దానయ్య మొహం గుర్తుంది, గడప గుర్తుంది, మాట మాత్రం లేదు.

పరుగెత్తి పోయి చెబుదామంటే ఆ మాట దారిలో జారిపోదని ఏమిటి నమ్మకం? అందుకని మాటని నమ్ముకోకుండా కుండనే చంకనెత్తుకుంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, కాళ్ళకి చెప్పుల్లేకుండా, రేవు మెట్లు రెండేసి చొప్పున దిగింది.

జానీబీ గడ్డికని పుట్టి నీళ్ళలోకి నెడుతోంది.

"జానీ! బల్లకట్టు దగ్గరికి పోనీ!"

"ఓసి నీ దుంపతెగ, కుండతోనా? నీళ్ళలోకి నీళ్ళు మోసుకొస్తావేం రెబ్కమ్మా!"

"తర్వాత నవ్వుదువుగాని, తెడ్డెయ్యవే!"

పుట్టి గుండ్రంగా ఉంటుంది, నేరుగా పోదు. తెడ్డు వేసినప్పుడల్లా ఒక చుట్టు తిరుగుతుంది. రెబ్కా కుండని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పుట్టి తిరిగింది, కుండ తిరిగింది, రెబ్కా తిరిగింది. కుండలో మట్టి తిరగలేదు. నడిమిబండ చోటు, ఆ పక్కన నల్లటి వేలు, ఏరు ఎటుంటే అటే నిలబడి ఉన్నాయి. రెబ్కా మొహం అవతలి ఒడ్డుకి తిరిగినప్పుడు ఆ నల్లటిది బండకి ఎడంపక్క ఉంది. ఇంటివైపు తిరిగినప్పుడు కుడిపక్క ఉంది.

"ఇంకో చుట్టు తిప్పు జానీ!"

"తిప్పకపోయినా తిరుగుతుందమ్మా ఇది!"

మళ్ళీ అంతే. అప్పుడు రెబ్కాకి ఇల్లంతా కళ్ళముందు కనపడింది. పాతికేళ్ళు కుండ ఉన్నది వరండాలో. ఆవిడ నిలబడింది ఇంటికి వీపు పెట్టి, ఏటికి మొహం పెట్టి. కొత్త కోడలు వచ్చాక దుమ్ము పడుతోందని కుండని వంటగదిలోకి మార్చింది. మంచికే మార్చింది పాపం. వంటగదిలో రెబ్కా గడప దగ్గర నిలబడి చూస్తోంది, ఏటికి వీపు పెట్టి! కుడి ఎడమైంది, ఎడమ కుడైంది. తను మర్చిపోలేదు. నిలబడిన చోటు మారింది, అంతే!

"నేను మర్చిపోలేదే జానీ!" అని అరిచింది. అరుస్తూనే బల్లకట్టు కోసం మంచులోకి చూసింది. ఎందుకంటే ఇప్పుడు మాట కూడా గుర్తొచ్చింది. ఎడంపక్క పొమ్మంది. ఆ నల్లటిది ఎడంపక్కే ఉంది.

మంచు కాస్త విడింది. బల్లకట్టు నడిమిబండకి ఎడంపక్కగా మలుపు తీసుకుంటోంది. ఇద్దరూ గొంతు చించుకుని అరిచారు. ఇంజను మోతలో ఎవరికీ వినపడలేదు.

పుట్టిలో ఎవరూ నిలబడరు. చంటిపిల్లలకి కూడా తెలుసు ఆ సంగతి. నిలబడితే బోర్లాపడుతుంది. రెబ్కా కుండ నెత్తిన పెట్టుకుని నిలబడింది.

"రెబ్కమ్మా! చస్తావే!" జానీబీ తెడ్డు వదిలేసి ఆవిడ రెండు కాళ్ళూ వాటేసుకుంది.

బల్లకట్టు మీద ముందు చూసింది జయకుమారి. "ఏవండీ! అత్తయ్య! అత్తయ్య నిలబడింది!"

దానయ్య తల తిప్పాడు. మంచులో తల్లి, నెత్తిన కుండ, కుడిచెయ్యి బారచాపి ఊపుతోంది. ఆలోచించలేదు, ఇంజను కట్టేశాడు. ఆ నిశ్శబ్దంలో గొంతు వినపడింది.

"కుడికిరా! కుడికి! ఎడమ కాదు!"

"గడలెయ్యండి! ఆపండి!" అన్నాడు దానయ్య. ముందున్న మనిషి గడ దించాడు. మట్టి తగలాల్సిన చోట ఖంగుమంది. ఇనుము! వరదకి ఎక్కడో మునిగిన ఇసుక పడవ, రాత్రి వదిలిన నీళ్ళకి దొర్లుకొచ్చి, ముక్కు పైకి పెట్టుకుని నీళ్ళకి జానెడు కింద కాచుకుని ఉంది. ఇంకో రెండు బారలు పోయుంటే బల్లకట్టు కిందనున్న రెండు పడవల్లో ఒకటి చీలిపోయేది. ఆ పైన పత్తిగింజల లారీ, పాతికమంది ఆడవాళ్ళు.

అందరూ ఒకేసారి మాట్లాడారు. అంకమ్మరావు లారీ దిగి చక్రాన్ని పట్టుకుని నిలబడ్డాడు. గడలతో వెనక్కి నెట్టుకుంటూ, కుడిపక్కకి తిప్పుకుని, ఇంకెక్కడా ఆగకుండా అవతలి ఒడ్డు చేరారు.

పుట్టి కూడా తిరుగుతూ తిరుగుతూ చేరింది. దానయ్య నడుములోతు నీళ్ళలో దిగి తల్లిని ఎత్తుకుని ఒడ్డున పెట్టాడు.

"కుడీ ఎడమా నాకు తెలుసురా" అంది రెబ్కా, పళ్ళు కొట్టుకుంటూ. "కుండ చోటు మార్చారు మీరు."

జయకుమారి కుండ అందుకుంది. "నేనే కదత్తయ్యా మార్చింది. సాయంత్రం వరండాలో పెట్టేస్తాను."

"వరండాలో వద్దు" అన్నాడు దానయ్య.

మర్నాటి నుంచి కుండ బల్లకట్టు మీదే ఉంది. ముందు కొసన కుండకి ఒక చుట్టకుదురు, రెబ్కాకి ఒక ముక్కాలిపీట, ఎండకి గోనెపట్టా పందిరి. పాటదారు వచ్చి చూసి, గొంతు సవరించుకుని, పందిరికి తాటాకు పంపిస్తానని చెప్పి వెళ్ళాడు. లారీ డ్రైవర్లు "మామ్మగారు వచ్చారా?" అని అడిగాకే బండి ఎక్కించేవాళ్ళు. రెబ్కా ఆ తర్వాత కూడా ఎసరు మర్చిపోయింది, మనుషుల పేర్లు మర్చిపోయింది. ఏరు మాత్రం ఎప్పుడూ ఆవిడ మొహం ముందే ఉంది.

క్రిస్టీనా, ఆ రేవు వైపు వెళ్ళినప్పుడు పేర్లు ఒకసారి కనుక్కో తల్లీ. పుట్టి జానీబీదో, వాళ్ళ చెల్లెలు నజీరాదో సందేహంగా ఉంది. తప్పుంటే దిద్దు. కుడి ఎడమలు మాత్రం ముట్టుకోకు, అవి సరిగ్గానే ఉన్నాయి.