అక్షరం కనపడకూడదు

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఊళ్లు పట్టుకు తిరిగే ఉద్యోగం. ఇవాళ ఆసుపత్రిలో, రేపు హోటల్లో, ఎల్లుండి ఇంకెక్కడో మేడలో. ఎలాగూ తిరుగుతున్నావు, ఊరికే తిరగడమెందుకని ఎవరో స్నేహితుడు చెవిలో ఊదాడు. వెళ్లిన చోటల్లా ఫోటోలూ వీడియోలూ తీసి ఒక వెబ్‌సైటులో పెడితే, ప్రకటనలు తయారుచేసేవాళ్లూ టీవీవాళ్లూ కొనుక్కుంటారట. జీతానికి తోడు నాలుగు రాళ్లు. ఇంకేముంది, వారం తిరిగేసరికి మా ఇంట్లో మెకానిక్ మాయమై కళాకారుడు వెలిశాడు.

మొదట్లో నాకూ సరదాగానే ఉండేది. నేను రక్తపరీక్షల ల్యాబులో రిపోర్టులు టైపు చేస్తాను, వేళ్లు గబగబా కదుల్తాయి. అందుకని వీడియోలు కత్తిరించడం, వెతికేవాళ్లకి దొరికేలా వాటి కింద మాటలు టైపు చేయడం నా వంతు. కొండ, మంచు, ఒంటరితనం, ప్రయాణం. ఏ మాట పెడితే ఏది అమ్ముడవుతుందో నాకు బాగానే పట్టుబడింది. కెమెరా సంపాదించింది కొత్త కెమెరాకి పోయేది, కొత్త కెమెరా సంపాదించింది దాని స్టాండుకి పోయేది. అయినా ఒకసారి మా బుడంకాయ స్కూలు ఫీజు ఆ డబ్బుతోనే కట్టాం. ఆ రోజు మా ఆయన నడక చూసి తీరాలి. భుజాలు అంత వెడల్పని నాకప్పటిదాకా తెలియదు.

ఆ వెబ్‌సైటుకి ఒక చాదస్తం ఉంది. బొమ్మలో ఎక్కడా అక్షరం కనపడకూడదు. షాపు పేరు, బస్సు నంబరు, బిస్కెట్ పొట్లం మీది కంపెనీ ముద్ర, ఏదున్నా తిప్పి పంపేస్తారు. కొనేవాడు దాన్ని తనిష్టమొచ్చిన చోట వాడుకోవాలి కదా, అందుకు. దాంతో మాకు చుక్కలు కనిపించాయి. ఎక్కడికైనా సరదాగా వెళ్తే నీళ్ల సీసాల మీద కాయితాలు పీకడం నా పని. బుడంకాయ చొక్కా తిరగేసి తొడుక్కునేవాడు. మా ఆడపడుచు చొక్కా మీద ఏదో రాసి ఉందని ఆవిణ్ని మా ఆయన ఫ్రేములోంచి పక్కకి జరగమన్నాడు, అదీ ఆవిడ పుట్టినరోజున. చాలాకాలం ఆవిడ మాతో మాట్లాడలేదు. "క్లీన్ ఫ్రేము" అనేది ఆయన ఊతపదమైపోయింది. నా మొహం ఎలా ఉందో చూడడు గానీ నా వెనక గోడ మీద పోస్టరుంటే మాత్రం చూస్తాడు.

వేసవి చివర్లో ఒక ఆనకట్ట దగ్గర వీడియో తీసుకొచ్చాడు. కింద నది, నదిలోకి వెడల్పాటి రాతిమెట్లు, సాయంత్రపు ఎండ. నిజంగా బాగుంది. నేను కత్తిరించడానికి మొదట్నించీ వేసి చూస్తే, కెమెరాని స్టాండు మీద ఆన్ చేసి వదిలేసి, ఆయనే ఫ్రేములోకి నడిచి వెళ్తున్నాడు. మెట్ల పైన ఇనప కమ్మీలకి ఎర్రబోర్డు బిగించి ఉంది. పైనున్న గేట్లు ఎత్తితే నీళ్లు ఒక్కసారిగా వస్తాయి, మెట్లు దిగవద్దని రాసుంది. మా ఆయన సంచీలోంచి స్పానరు తీసి, బోల్టులు విప్పి, బోర్డుని చంకలో పెట్టుకుని బయటికెళ్లిపోయాడు. పనితనం ఎంత చక్కగా ఉందంటే, కమ్మీలకి అలాంటిదేదీ ఎప్పుడూ లేనట్టే ఉంది.

అప్పుడాయన అన్నం తింటున్నాడు. మళ్లీ బిగించారా అని అడిగాను.

"బిగించకుండా వస్తానా?" అన్నాడు, కంచంలోంచి తలెత్తకుండా.

నేను నమ్మాను. పెళ్లయినప్పట్నించీ ఇంట్లో వదులైన మేకు కనిపిస్తే నిద్రపోని మనిషి, నమ్మక ఏం చేస్తాను? మొదటి ముక్క కత్తిరించేసి మిగతాది ఎక్కించాను. ఆనకట్ట, నీళ్లు, మెట్లు, ప్రశాంతం, కుటుంబం, సెలవురోజు అని టైపు చేశాను.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం ల్యాబులో టీవీ నడుస్తోంది. ఒకతను తడిబట్టలతో మైకు ముందు నిలబడి ఉన్నాడు. ఒక చిన్నపిల్ల తండ్రి. సెలవని పిల్లని ఆనకట్ట చూపించడానికి తీసుకొచ్చాడు. పిల్ల కాళ్లు తడుపుకుంటానంటే మెట్ల మీద కూర్చోబెట్టి, చెప్పులు పైన వదిలొద్దామని నాలుగు మెట్లు ఎక్కాడు. ఈలోగా గేట్లెత్తారు. పిల్ల చాలా దూరంలో దొరికింది. ఆ తండ్రి ఏడవడం లేదు. ఎవరో నేర్పిన పాఠంలా ఒకటే మాట మళ్లీ మళ్లీ చెబుతున్నాడు. బోర్డు ఉంటే దింపేవాణ్ణా, ఒక్క బోర్డు ఉంటే దింపేవాణ్ణా అని.

అతని వెనక మెట్లు కనిపించాయి, కమ్మీలు కనిపించాయి. నా చేతిలో ఎవరిదో రిపోర్టు ఉంది, దాన్ని కిందపెట్టడం కూడా చేతకాలేదు.

ఇంటికొచ్చేసరికి మా ఆయన చీకట్లో సోఫాలో కూర్చుని ఉన్నాడు. నేను అడక్కముందే చెప్పాడు. వీడియో అవగానే బోర్డు తగిలిద్దామనుకుంటుండగా ఫోనొచ్చిందట, ఎక్కడో లిఫ్టు ఆగిపోయి లోపల మనుషులు ఇరుక్కున్నారని. అక్కడే ఉన్న పంపుగది గోడ వెనక బోర్డు ఆనించి పరిగెత్తాడు. మర్నాడొచ్చి బిగిద్దామనుకున్నాడు. మర్నాడు ఇంకో ఊరు తగిలింది. ఆ తర్వాత గుర్తుకే రాలేదు. నేను అడిగినప్పుడు కూడా గుర్తుకు రాలేదా అంటే, వచ్చిందన్నాడు. రేపు వెళ్దామనుకున్నానన్నాడు.

నేనాయన్ని కొట్టలేదు గానీ కొట్టాలనిపించింది. లిఫ్టు గుంతలోకి దిగేముందు "పని జరుగుతోంది, మీట నొక్కరాదు" అని బోర్డు తగిలించుకుని దిగే మనిషి. ఒకసారి ఎవరో తెలియక ఆ బోర్డు పక్కన పెట్టారని ఆ మేడలో అందరినీ నిలబెట్టి కడిగేసి వచ్చాడు. తన ప్రాణానికైతే బోర్డు కావాలి. ఆ మాటే అడిగాను.

ఇంతలో ఆయన ఫోను మోగింది. వీడియో అమ్ముడుపోయిందని. కాసేపటికి మళ్లీ మోగింది. ఇన్నేళ్లలో మా ఏ వీడియో అంత గిరాకీ చూడలేదు. న్యూస్ చానెళ్లవాళ్లు ఆ చోటు కోసం వెతికారు, నేను టైపు చేసిన మాటలు వాళ్లకి దారి చూపించాయి. మర్నాటికల్లా అన్నింట్లోనూ అదే బొమ్మ. ప్రమాదానికి ఎన్నో వారాల ముందు తీసిన వీడియో, వెబ్‌సైటులో తేదీ కూడా ఉంది, చూడండి, అప్పుడూ ఇక్కడ బోర్డు లేదు. మొదట్నించీ లేదు. దీనికి బాధ్యులెవరు అని ఒకటే అరుపులు.

బాధ్యుడు సాయంత్రానికల్లా దొరికాడు. ఆనకట్ట గేట్లు తిప్పే మనిషి, ముసలాయన. మొదటిరోజు టీవీలో చూశాను, పోలీసులు జీపెక్కిస్తుంటే ఒకటే మొత్తుకున్నాడు. బోర్డు ఉంది సార్, నా చేతులతో రంగు వేశాను సార్ అని. ఎవరూ చెవిన పెట్టలేదు. చానెల్ కుర్రాడు ఆయన మొహం ముందు ఫోను పెట్టి మా వీడియో చూపించాడు. ముసలాయన దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత ఇంకేం మాట్లాడలేదు. ఆ మొహం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

వెళ్లి నిజం చెప్పమని మా ఆయనకి చెప్పాను. రోజుల తరబడి బతిమాలాను, తిట్టాను. చెబితే పిల్ల తిరిగొస్తుందా అన్నాడు. తను లోపలికెళ్తే ఇల్లెలా నడుస్తుందన్నాడు. కత్తిరించిన ముక్క ఎక్కడుందో తీసేయమన్నాడు. చివరికి, ఆ వీడియో మీద వచ్చిందంతా ముసలాయన ఇంటికి పేరు చెప్పకుండా పంపిద్దామన్నాడు. ఆ మాటతో నాకు తల తిరిగిపోయింది. మనిషి చెడ్డవాడు కాడు. అదే నా ఏడుపు. చెడ్డవాడైతే వదిలేసి హాయిగా ఉండేదాన్ని.

"రేపు నేను వెళ్తున్నాను. మీరొస్తే కలిసి వెళ్దాం. రాకపోతే నేనే చెప్తాను" అన్నాను.

తెల్లవారేసరికి ఆయన స్పానర్ల సంచీ తగిలించుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు. బుడంకాయని పక్కింట్లో దింపి, మొదటి ముక్క నా ఫోనులో వేసుకుని బస్సెక్కాను.

తిన్నగా పోలీస్ స్టేషన్‌కే వెళ్లొచ్చు. కానీ ముందు ఆ ముసలాయనకి చెప్పాలనిపించింది. ఉద్యోగం తీసేశారు, పూచీ మీద వదిలారని పేపర్లో చూశాను. ఆనకట్టకి అవతల పాత క్వార్టర్లు, చివరిది వాళ్లది. వరండాలో సామాను కట్టి ఉంది, ఖాళీ చేయమన్నారట. ఆయన భార్య నన్ను చానెల్ మనిషననుకుని తలుపు వేయబోయింది. కాదని చెప్పి, బాబాయ్ గారితో ఒక్కమాట మాట్లాడాలని చెబితే లోపలికి రానిచ్చింది.

ఆయన మంచం అంచున కూర్చుని ఉన్నాడు. నేను బోర్డు మాట ఎత్తగానే చెయ్యి అడ్డంపెట్టాడు.

"వద్దమ్మా. నేనే పొరబడ్డాను. ఉందనే అనుకున్నా. ఎప్పుడు పోయిందో, అసలు బిగించానో లేదో. వీడియోలో లేదు కదా. వీడియోకి నా మీద పగేముంటుంది?"

భార్య గోడకానుకుని నిలబడి ఉంది. రాత్రుళ్లు లేచి కూర్చుంటున్నాడని చెప్పింది, రంగుడబ్బా ఎక్కడ కొన్నానని తనని అడుగుతున్నాడని. ఆవిడకి గుర్తుందట, ఎర్రరంగు ఆయన గోళ్లలో ఎన్నాళ్లు ఉందో కూడా గుర్తుందట. ఆ మాట చెప్పినా ఆయన నమ్మడం లేదు.

నేను ఫోను తీసి ఆయన చేతిలో పెట్టాను. మెట్లు వచ్చాయి, కమ్మీలు వచ్చాయి, ఎర్రబోర్డు వచ్చింది. ఆయన దాన్ని వేలితో తాకబోతే బొమ్మ ఆగిపోయింది. మళ్లీ నడిపించాను.

"ఉంది" అన్నాడు భార్యతో. "ఉందే. నేను బిగించాను."

ఆవిడ పైట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆయన ఇంకోసారి చూశాడు. మొదటిసారి బోర్డునే చూసినట్టున్నాడు, రెండోసారి మనిషిని చూశాడు.

"ఇతనెవరు?"

"మా ఆయన."

తిడతాడనుకున్నాను, తిట్టించుకోడానికే వచ్చాను. ఆ బోర్డు పంపుగది గోడ వెనక పెట్టి మర్చిపోయాడని, నాతో అబద్ధం చెప్పాడని, ఇప్పుడు ఇక్కడి నుంచి స్టేషన్‌కే వెళ్తున్నానని చెప్పాను. మీ మీద పడ్డది తీసేస్తారు బాబాయ్ గారూ అన్నాను.

ఆయన ఫోను నాకు తిరిగిచ్చేశాడు.

"ఎప్పుడు తీశాడు?"

వేసవి చివర్లో అని చెప్పాను.

"అప్పట్నించీ రోజూ దాని ముందునుంచే నడిచానమ్మా. పొద్దునా సాయంత్రం. రోజూ ఉందనే చూశాను." కళ్లు తుడుచుకోలేదు, కన్నీళ్లు అలాగే కారనిచ్చాడు. "అతను ఒక్కసారి తీశాడు. నేను అన్ని రోజులూ చూసుకోలేదు."

ఆయన్ని ఒడ్డున పడేద్దామని వచ్చాను, ఆయనేమో నా కళ్లముందే మళ్లీ దిగిపోతున్నాడు. మీ తప్పు కాదు అన్నాను. ఆవిడా అదే అంది. ఆయన మా ఇద్దరి మాటా వినిపించుకోకుండా లేచి చొక్కా తొడుక్కున్నాడు, బొత్తాలు పెట్టుకున్నాడు, పద అమ్మా అన్నాడు. బోర్డు కోసం పంపుగది మీదుగా వెళ్దామని నేనంటే, అది పోలీసులు చూసుకుంటారులే అన్నాడు. మెట్ల వైపు తల తిప్పకుండా నడిచాడు.

స్టేషన్‌లో వీడియో చూపించి, అందులో ఉన్నది నా భర్త అని చెప్పాను. పేరు, పనిచేసే కంపెనీ, ఇంటి చిరునామా, అన్నీ నా నోటితోనే చెప్పాను. చెబుతుంటే ఫోను మోగింది, మా ఆయనే. ఎత్తలేదు. రాసుకునే పోలీసాయన నేను చెప్పిందంతా రాసి, చదివి వినిపించి, సంతకం చేయించాడు. ముసలాయన వైపు తిరిగి, పెద్దాయనా, ఇంక నీకు భయం లేదు, ఇంటికెళ్లు అన్నాడు.

నేను రోజూ అటు నడిచాను, లేదని చూసుకోలేదు, అది కూడా రాసుకోమన్నాడు ముసలాయన. పోలీసాయన నవ్వి, కేసుకి అదక్కర్లేదన్నాడు. రాయండి సార్ అన్నాడు ముసలాయన. రాసేదాకా ఆ బల్ల మీంచి లేవలేదు.