సుడిపువ్వుకు తాళం

ఆ కంప్యూటరు పేరెత్తితేనే లోవమ్మకు ఒళ్లు మండేది. నరసాపురం దగ్గర లేసు అల్లే ఆడవాళ్ల సంఘానికి ఆమె ప్రెసిడెంటు. ఆర్డర్లు తేవడం, నూలు పంచడం, అల్లికలు పోగుచేయడం వీటితోనే పొద్దు గడిచిపోతుంటే, పైన డిజైన్లు గీసి దాచుకోవడానికని ఈ కంప్యూటరొకటి. ప్రింటరు మొరాయించేది. తెలుగు అక్షరాలు డబ్బాలు డబ్బాలుగా పడేవి. ఫోన్ చేస్తే, కాలేజీలో కంప్యూటర్లు చెప్పే ఉమాశ్రీ స్కూటీ మీద వచ్చేది. వచ్చినావిడ బాగుచేసి పోవచ్చు కదా? అబ్బే, పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "మీరే నొక్కండి లోవమ్మగారూ, నేను చెబుతాను" అనేది.

"మీరే చేసి పెట్టేద్దురూ మేడంగారూ. నాకవతల బోల్డంత పనుంది."

"ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరండి. దీన్ని మీ చేతిలోంచి లాక్కునేవాడు ఎవడూ ఉండడు. ఓపిక చేసుకుని నేర్చుకుంటే, రేపు నేనున్నా లేకపోయినా మీ పని ఆగదు."

లోవమ్మ తలూపేది గానీ, ఒక్క ముక్కా చెవికెక్కేది కాదు.

సరిగ్గా అప్పుడే ఉదయ్‌కుమార్ దిగాడు. మడత నలగని చొక్కా, రెండు చేతులా నమస్కారం, మాటకో ‘అండి’. ఏదో లేసుల కంపెనీ వాళ్ల యాప్ మనిషి. నోటితో డిజైను పేరు చెబితే చాలట, ఎవరు అల్లాల్సిన ముక్క వాళ్ల ఫోనుకే వెళ్లిపోతుందట. "మీరేం నేర్చుకోనక్కర్లేదండి. అన్నీ మేం చూసుకుంటాం" అన్నాడు. ఆ మాటతో లోవమ్మకు ప్రాణం లేచొచ్చింది. డిజైన్లన్నీ అతనే యాప్‌లోకి ఎక్కించాడు. కంప్యూటరును ఖాళీ చేయించి టైలరింగ్ సెంటరుకు ఇచ్చేశారు. గళ్ల కాగితాల మీది పాత నమూనాలకు చెదలు పడుతున్నాయని లోవమ్మే పొయ్యిలో పెట్టేసింది. ఉమాశ్రీకి ఫోన్లు ఆగిపోయాయి.

నిజం చెప్పొద్దూ, కొన్నాళ్లు హాయిగానే గడిచింది. ఆ తర్వాత కొచ్చిలోని పాత పార్టీ సుడిపువ్వు టేబుల్ క్లాతులు కావాలంది. సుడిపువ్వంటే, సంఘంలో అందరికన్నా పెద్దదైన పెద్దింట్లమ్మ పువ్వు. గోదావరిలో నీళ్లు సుడి తిరిగినట్టు మధ్యలోంచి మెలికపడి విచ్చుకునే ఆ డిజైను ఆమె సొంతంగా కట్టింది. సంఘానికి పేరు తెచ్చింది అదే. పనిలేక ఖాళీగా కూర్చున్న ఆడవాళ్లందరికీ కడుపు నింపే ఆర్డరది. లోవమ్మ సంబరంగా యాప్ తెరిచింది. డిజైను మీద తాళం బొమ్మ ఉంది. కింద, నిబంధనలు మారాయని రాసి ఉంది. ఈ డిజైనుతో అల్లిన సరుకును కంపెనీ ద్వారానే అమ్మాలి, డిజైనును బయటివారెవరికీ ఇవ్వరాదు, అంగీకరిస్తున్నారా?

వెంటనే కంపెనీ హెల్ప్‌లైనుకు చేసింది.

"మీ ఇబ్బంది నాకు అర్థమైందండి" అంది ఒక తియ్యటి గొంతు.

"అది మా డిజైనండీ. మా పెద్దింట్లమ్మ కట్టింది."

"మీ ఇబ్బంది నాకు అర్థమైందండి."

ఆ మాట్లాడేది మనిషో కాదో కూడా తెలియలేదు. ఉదయ్‌కుమార్ ఎప్పుడో వేరే కంపెనీకి మారిపోయాడట.

పోనీ గుర్తున్నంతలో అల్లుదామా అంటే, అక్కడే వచ్చింది చిక్కు. లేసు పని ఎప్పుడూ ముక్కలు ముక్కలే. చేతిపనివాళ్లలో సుడి ఒకరిది, రేకులు ఇంకొకరివి, అంచు వేరొకరిది. వాటిని కలిపేది అతుకుపనివాళ్లు. ఏళ్లుగా అతుకులు వేస్తున్న రూబీని అడిగితే, "డిజైను ఎదురుగా పెట్టుకుని కలుపుతానక్కా. ఏ ముక్క ఎటు తిప్పాలో నాకేం గుర్తుంటది?" అంది. అల్లినవన్నీ పార్టీలకు పోయాయి. ఊళ్లో ఒక్కటీ మిగల్లేదు. పువ్వు మొత్తం తెలిసింది పెద్దింట్లమ్మ ఒక్కదానికే, ఆమెకా చూపు పోయింది, వేళ్లు వంగడం లేదు. నోటితో చెప్పమంటే, "నా చేతికి తెలుసే, నోటికి తెలీదు" అంది.

సిగ్గు చంపుకుని ఉమాశ్రీ ఇంటికి వెళ్లింది లోవమ్మ. "మీ దగ్గర కాపీ ఉంటుంది కదండీ?"

ఉమాశ్రీ ముఖం వాడిపోయింది. "నేనెందుకు ఉంచుకుంటానండీ? అవి మీవి కదా. ఇంకొకరి చేతిలో ఉండకూడదనే కదండీ, మీచేత నొక్కించింది."

నాలుగు తిట్టినా బాగుండేది. పైపెచ్చు స్కూటీ ఎక్కించుకుని టైలరింగ్ సెంటరుకు తీసుకెళ్లింది, పాత కంప్యూటరంతా వెతికింది. అందులో ఏమీ మిగల్లేదు.

తిరిగొచ్చేసరికి ఆడవాళ్లు లేసు సూదులు పట్టుకుని సంఘం అరుగు మీద కూర్చుని ఉన్నారు. అందరూ ఆమె వంకే చూశారు. ఆ చూపులకు తట్టుకోలేక లోవమ్మ ఓ మూలకు పోయి ‘అంగీకరిస్తున్నాను’ నొక్కేసింది. తాళం పోయింది. అందరి ఫోన్లూ టింగుమన్నాయి.

ఆ సందడి విని పెద్దింట్లమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది. "ఏమే లోవా, నా పువ్వు దొరికిందంటగా?"

"దొరికింది పెద్దమ్మా."

ముసలామె ముఖం చేటంత అయింది. "నా తల్లే. మా అశ్విని అత్తారింటికాడ సొంతంగా అల్లుకుంటానంటంది. దానికో కాగితమ్మీద నా పువ్వు ఏసి ఇయ్యి. మనవరాలికి నేనిచ్చేది ఇంకేముందే?"

‘బయటివారెవరికీ ఇవ్వరాదు’ అన్న నిబంధన ఇంకా లోవమ్మ చేతిలోని ఫోను మీదే ఉంది.

"ఇస్తావు కదూ?" అంటూ పెద్దింట్లమ్మ చెయ్యి చాపి తడుముకుంది. లోవమ్మ ఆ చేతిని పట్టుకుంది గానీ, ఇస్తానని అనలేకపోయింది.