పుల్ల కొసన ఎర్ర చుక్క

ఈ సముద్రపు గాలికి బట్టలు ఒక పట్టాన ఆరవు, రేపు పొద్దున చింగ్‌దావ్ ఫ్యాక్టరీ పనికి వెళ్ళే బస్సు వేళకి మా చంటాడు షితౌ చొక్కాలు ఆరకపోతే ఎలా, అయినా నేను సర్దుకోవాల్సింది నావీ మా ఆయన చెంగ్‌హాయ్‌వీనే కదా, చంటాడివి ఇక్కడే ఉంటాయి, వాడూ ఇక్కడే ఉంటాడు, అత్తయ్య అప్పుడే అలమరలో కింది అర ఖాళీ చేసేసింది, ఎంత ఆరాటమో ఆమెకు, అనుకుంటూ ఆవిరి రొట్టెల గిన్నె పట్టుకుని గడప దాటానో లేదో, మామయ్య ఒళ్ళో ఉన్న నా బిడ్డ నోట్లో పుల్ల, అన్నం తినే పుల్ల, కొసన ఎర్రగా, నెత్తురా, కాదు, వైను, మామయ్య దాన్ని మళ్ళీ గ్లాసులో ముంచుతున్నాడు, రెండే పళ్ళొచ్చిన పసివాడికి.

అందరూ నవ్వుతున్నారు, పక్కింటి గువాన్ బాబాయ్ బల్ల చరిచి, మూతి చూడన్నా, మొదటిసారి ఇది తాగినప్పుడు నీ మొహమూ ఇంతే, అంటున్నాడు, నిజమే, ద్రాక్షతోటలోనే నడుం వంగిపోయినా మామయ్యకి ఆ పులుపు గిట్టదు, కోతలయ్యాక వైను కంపెనీ వాళ్ళిచ్చిన సీసాలో చక్కెర కలుపుకుని తాగుతాడు, మగపిల్లాడన్నాక రుచి తెలియాలి, వీళ్ళ నాన్నకీ ఇలాగే నాకించాను, ఏం చెడిపోయాడు, అంటున్నాడు, వీళ్ళ నాన్న లేచి పుల్ల లాక్కుంటాడని చూశాను, చెంగ్‌హాయ్ ఫోన్లో వీడియో తీస్తూ పగలబడి నవ్వుతున్నాడు, బడి మధ్యలో మానేసినదాన్ని, నాకేం తెలుసని భయపడి పాలపొడి డబ్బా మీది ప్రతి అక్షరం కూడబలుక్కుని చదువుతాను, నీళ్ళు కాచి, చల్లార్చి, మళ్ళీ కాస్తాను, వీళ్ళేమో.

గిన్నె ఎప్పుడు వదిలేశానో, రొట్టెలు నేల మీద దొర్లుతున్నాయి, బిడ్డ నా చేతుల్లో ఉన్నాడు, నవ్వులు ఆగిపోయాయి, ఒక్క చుక్కే కదా అమ్మాయ్, అన్నాడు మామయ్య మొహం చిన్నబుచ్చుకుని, నా చొక్కా అంచుతో నోరు తుడుస్తుంటే వాడు గుక్కపట్టి ఏడ్చాడు, నోరు మండుతోందేమోనని వీపు నిమిరాను, కాదు, వెనక్కి విరుచుకుపడి రెండు చేతులూ మామయ్య వైపు చాస్తున్నాడు, మేం ఇక్కడికి వచ్చి వారమైనా కాలేదు, నా పాల వాసన వాడి మెడ మడతల్లో ఇంకా పోలేదు, చేతులు చాచబోయి మామయ్య నన్ను చూసి ఆగాడు, వాడి ఏడుపు మాత్రం ఆగలేదు.

వైనుదేముంది, అత్తయ్య రేపు మామయ్యని నాలుగు తిట్టి సీసా దాచేస్తుంది, వాడిని కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటారు, నేను గుర్తురానంత బాగా చూసుకుంటారు, కొత్త సంవత్సరం సెలవులకి నేనొచ్చి ఎత్తుకుంటే ఇలాగే నా చేతుల్లోంచి విరుచుకుని అటు వెళ్ళిపోతాడు, అత్తయ్య వంగి రొట్టెలు ఏరి దుమ్ము దులుపుతూ, నేనున్నాగా, మీరు నిశ్చింతగా వెళ్ళండి, అంటోంది, ఫ్యాక్టరీ గదుల్లో పిల్లల్ని ఉండనివ్వరు, వేరే గది చూసుకోవాలి, నా పని పోతుందేమో, పోనీ, కిటికీ అవతల దండెం మీద ఆ బుల్లి చొక్కాలు గాలికి కొట్టుకుంటున్నాయి, వాడూ మాతోనే వస్తాడత్తయ్యా, అన్నాను, నా గొంతేనా అది, ఆరకపోతే తడివే మడిచి పట్టుకెళ్తాను.