గాలి లేని తుపాను

సల్వా భోజనాల కొట్టు వెనక గుమ్మంలో నిండిన కుడితి డబ్బాను తీసి కావడికి తగిలించుకుని, తాను తెచ్చిన ఖాళీ డబ్బాను సరిగ్గా అదే చోట పెట్టింది ఎస్కొలాస్తికా. రోజూ పొద్దున్నే అంతే. నిండుది పట్టుకెళ్ళడం, ఖాళీది వదిలి వెళ్ళడం. అవి వంటనూనె డబ్బాలు. పైరేకు కోయించి, చెయ్యి తెగకుండా అంచులు లోపలికి కొట్టించింది. తీగ పిడికి తన పాత ఎర్రపూల పావడా పీలిక ఒకటి చుట్టింది, బరువుకి తీగ వేళ్ళలో దిగకుండా.

మనిషి పొట్టి. పాదాలు వెడల్పు. ఏళ్ళ తరబడి కావడి మోసి మోసి కుడిభుజం కిందికి దిగిపోయి, అక్కడ చర్మం ఎండు కొబ్బరి చిప్పలా నల్లగా గట్టిపడింది. ఆమె వీధిలోకి వస్తుంటే పిల్లలు ముక్కులు మూసుకుని పరుగెత్తేవారు. ఆమె కూడా ముక్కు మూసుకుని వాళ్ళ వెంట నాలుగడుగులు పరుగెత్తేది. అందుకే ఆవిడంటే పిల్లలకి భయమూ లేదు, గౌరవమూ లేదు. అందరూ తీకా అనే పిలిచేవారు. అంత పొడుగు పేరు ఫాదిరీ ఒక్కడే నోరారా పలికేవాడు, అదీ పండగలకి.

క్రిస్మస్ రాత్రి పట్టిన ముసురు ఇంకా వదల్లేదు. ఇళ్ళ ముందు కట్టిన కాగితం నక్షత్రాలు తడిసి, రంగు కారి, వెదురు పుల్లలు బయటపడ్డాయి. ఇంత వాన పడుతున్నా ఒక్క కొబ్బరాకు కదలడం లేదు. తూర్పున నడిసముద్రంలో వాయుగుండం పుట్టిందని రేడియో ముందు చెప్పింది, తర్వాత అది బలపడిందంది, బలపడిందన్నాక దానికో పేరు పెట్టాలి కదా, దూలింగ్ అని పెట్టారు. మా దీవికి ఒకటో నంబరు హెచ్చరిక ఎగరేశారు. మా దగ్గర ఒకటో నంబరంటే బడికి సెలవు, అంతకుమించి ఏమీ కాదు. మూడో నంబరంటే తాళ్ళు బిగించుకుంటారు. నాలుగంటే జపమాల తీస్తారు.

సల్వా గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి ఆకాశం వంక చూసింది.

"మా ఆడబిడ్డ పేరూ దూలింగే," అంది. "అచ్చం ఇంతే. వస్తుంది. చేసేదేం ఉండదు. ఓ మూల కూచుంటుంది, పొమ్మన్నా పోదు."

"తింటుందా?" అంది తీకా.

"తిండి దగ్గర మాత్రం పెద్ద తుపానే."

ఇద్దరూ నవ్వుకున్నారు. నీ సెన్యోరా ఎలా ఉందని సల్వా అడిగితే, ఇవాళో రేపో అని తీకా చెప్పింది. పొదుగు దిగిందనీ, రాత్రంతా గడ్డి నోట కరిచి మూలకి చేరుస్తోందనీ, మేత ముట్టలేదనీ చెప్పింది. చెబుతుంటే ఆమె మొహం వెలిగింది. పంది గురించి కాకుండా ఇంకే సంగతి చెప్పినా ఆ మొహం అలా వెలగడం ఎవరూ చూడలేదు.

సెన్యోరా ఆమె పంది కాదు. బియ్యం మిల్లు లియాండ్రోది. ఆయన పందిని పాలికి ఇచ్చాడు. మేపడం తీకా వంతు, ఈనిన పిల్లల్లో చెరిసగం. మా ఊళ్ళో పాలికి పెంచడం కొత్తేం కాదు, కానీ తీకా చిన్నప్పటినుంచీ పెంచినవన్నీ పాలి పందులే. వాళ్ళమ్మా అంతే. తన వంతు పిల్లలు ఏనాడూ దొడ్లో పెరగలేదు. ఒకసారి పైకప్పు రేకులకి పోయాయి, ఒకసారి మొగుడి దగ్గుకి పోయాయి, ఒకసారి శవపేటికకి పోయాయి. ఈసారి మాత్రం ఒక ఆడపిల్లని ఉంచుకోవాలనుకుంది. అది ఎదిగి ఈనితే ఎవరితోనూ పంచక్కర్లేదు. వానాకాలం మొదలైన దగ్గర్నుంచీ సల్వాకి ఇదే చెప్పడం. చెప్పిందే చెప్పడం. సల్వా విన్నదే వినడం.

తిరిగి వెళ్తుంటే బడి దగ్గర ఊరిపెద్ద, కాపితాన్ ఉర్బానో ఎదురయ్యాడు. నెత్తిమీద ప్లాస్టిక్ సంచి కప్పుకున్నాడు. కొండవాలులో ఉన్న మూడిళ్ళ వాళ్ళనీ రాత్రి బడిలో పడుకోమన్నది ఆయనే. రెండిళ్ళ వాళ్ళు వచ్చారు.

"పిన్నీ, నువ్వు రాలేదేం?"

"సెన్యోరా నొప్పుల మీదుంది బాబూ. దాన్నీ తెమ్మంటావా? మూడో తరగతిలో కూచోబెడతావా?"

"తీసుకురా. మా వాడికంటే బాగానే చదువుతుంది," అన్నాడాయన. బడిలో గంజి కాస్తున్నామనీ, మధ్యాహ్నం వచ్చి తాగి వెళ్ళమనీ అన్నాడు. సరేనంది. కావడి భుజం మార్చుకుని వాలు ఎక్కింది.

ఇల్లు వాలు మధ్యలో. దానికీ, దాని వెనక పందిదొడ్డికీ నాలుగు పక్కలా నారతాళ్ళు కట్టి ఉంటాయి, కొబ్బరిచెట్ల మొదళ్ళకి. పెద్దగాలి వచ్చిన ఏడు పైకప్పు లేచిపోయినప్పుడు ఆమె మొగుడు పొలికార్పో దాని అంచు పట్టుకుని వదల్లేదు. వదిలితే బతికేవాడు. మనిషి కప్పుతోపాటు లేచి, పక్కవాళ్ళ తోటలో పడ్డాడు. ఆ తర్వాత తీకా ఎన్ని తాళ్ళు పేనిందో, ఎన్ని ముళ్ళు వేసిందో. సన్నగాలి వీచినా లేచి ముళ్ళు తడిమి చూసుకునేది. వానని మాత్రం ఏనాడూ లెక్కచేయలేదు. వాన పడుతుంది, ఆగుతుంది, అంతే కదా అనేది.

ఆమె వెళ్ళేసరికి సెన్యోరా పక్కకి ఒరిగి పడుకుని ఉంది. అప్పటికే రెండు పిల్లలు బయటపడ్డాయి. కావడి దించి, మోకాళ్ళమీద కూచుని, ఒక్కొక్కదాని మూతిమీద పొర వేలితో తీసి, పాత గుడ్డతో తుడిచి, పొదుగుకి అందించింది. పది పుట్టాయి. ఒకటి ఊపిరి తీయలేదు. దాని నోట్లోకి ఊదింది, కాళ్ళు పట్టి ఊపింది, చివరికి పక్కన పెట్టేసింది. తొమ్మిదీ పొదుగుకి వరసగా పట్టుకున్నాక ఆమె వెనక్కి వాలి కూచుంది. నడుము పట్టేసింది.

అప్పుడు చూసుకుంది. దొడ్డి నేల కిందనుంచి నీళ్ళు ఊరుతున్నాయి. దొడ్డి వెనక బండ సందులో ఒక ఊట ఉంది, ఎండాకాలంలోనూ అద్దంలా ఉంటుంది. ఆ ఊట ఇవాళ కాఫీ రంగులో పొంగుతోంది. పంది పొట్ట కింద గడ్డి అంతా తడిసి, పిల్లలు వణుకుతున్నాయి. పందిపిల్లకి చలి తగిలితే ఇక అంతే సంగతులు. గబగబా బుట్టలో తన పొడి పావడా పరిచి, వాటి కడుపు నిండేదాకా ఆగి, తొమ్మిదింటినీ అందులో పెట్టి, పైన అరిటాకు కప్పింది.

బయటికి వస్తుంటే పైవైపు తాడు చేతికి తగిలింది. వదులుగా వేలాడుతోంది. తడిస్తే నారతాడు బిగుసుకోవాలి. తీకా ఒక్క క్షణం దాన్ని పట్టుకుని నిలబడింది. తర్వాత బుట్ట కింద పెట్టి, ముడి విప్పి, తాడు గట్టిగా లాగి, కొబ్బరిచెట్టుకి మళ్ళీ బిగించి కట్టింది.

సల్వా వంటింట్లో ఊకపొయ్యి రాత్రీ పగలూ ఆరదు. దాని పక్కన బుట్ట పెట్టగానే పిల్లలు ఒకదాని మీదొకటి ఎక్కి నిద్రపోయాయి. భోజనానికి వచ్చిన బెస్తవాళ్ళు కంచాలు చేత్తో పట్టుకుని వచ్చి చూశారు. ఒకాయన కొత్త సంవత్సరం విందు ఇంత చిన్నగా ఉందేమిటన్నాడు. తీకా ఆయన చెయ్యి మీద కొట్టింది. తర్వాత బుట్టలో వెతికి, వీపు మీద నల్లమచ్చ ఉన్న ఆడపిల్లని తీసింది. గుమ్మంలోని ఖాళీ డబ్బా పిడికి చుట్టిన ఎర్రపూల పీలిక ఊడదీసి, దాని వెనకకాలికి కట్టింది.

"పంపకం కాకముందే దొంగతనమా?" అంది సల్వా.

"దొంగతనమేంటి, కాలికి దెబ్బ తగిలింది. కట్టు కట్టాను."

"ఏదీ దెబ్బ?"

"కట్టు కట్టాక ఎలా కనబడుతుందే?"

డబ్బా పిడికి రేపు కొత్త పీలిక తెచ్చి చుడతానంది. పైతాడు వదులైపోయిందని, వాననీళ్ళు తాగి నార కుళ్ళిందేమోనని ఆ మాటల్లోనే చెప్పింది. ముసలి తాళ్ళు కదా అంది సల్వా. ఇద్దరూ ఇంకేదో మాటలో పడ్డారు.

మధ్యాహ్నం వార్తల్లో దూలింగ్ చచ్చిపోయిందని చెప్పారు. మళ్ళీ ఉత్తి వాయుగుండమై, దీవి దాటి, పడమటి సముద్రంలోకి పోయిందట. ఒకటో నంబరు దించేశారు. బెస్తవాళ్ళు బల్లల మీద కొట్టి నవ్వారు. ఒక పూరిపాకనైనా పడగొట్టలేని దానికి పేరెందుకన్నారు. వాన మాత్రం ఆగలేదు, ఇంకాస్త పెరిగింది. గంజి ఉడకలేదని బడిలోవాళ్ళు ఇంకా బడిలోనే ఉన్నారు, లేకపోతే వాళ్ళూ అప్పటికే వాలు ఎక్కి ఉండేవారు.

తీకా లేచింది. సెన్యోరా తడి నేలమీద ఉంది, దాని కింద పొడి ఊక పరిచి, నీళ్ళు పోయేందుకు చిన్న కాలవ తీసి, చీకటి పడకముందే పిల్లల్ని తీసుకెళ్తానంది. పాలు తాగించాలి కదా. సల్వా ఒక గోనెసంచి నిండా ఊక ఎత్తి ఇచ్చింది.

"అన్నం తిని వెళ్ళవే."

"తుపాను పోయిందిగా, తర్వాత తింటాను. దాన్ని చలికి వదిలేసి నాకు ముద్ద దిగదు."

సంచి నెత్తిన పెట్టుకుని, ప్లాస్టిక్ కప్పుకుని, ఆ వెడల్పు పాదాలతో బురదలో ఆచితూచి నడుచుకుంటూ వెళ్ళింది. సల్వా ఆమెను చూసింది అదే ఆఖరు. వాలు మొదట్లో మెట్టు దగ్గర తీకా ఒకసారి ఆగి సంచి సర్దుకుంది. వెనక్కి తిరిగి చూడలేదు.

లారీలోంచి కంకర దించినట్టు ఒక చప్పుడు. పొయ్యి మీది గిన్నెలు కదిలాయి. ఎవరో కంకర దించారనే అందరూ అనుకున్నారు. ఆ తర్వాత ఒక బెస్తవాడు బయటికి వెళ్ళి, చేతిలో కంచం అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. కొండవాలు పచ్చగా లేదు. మధ్యలో ఎర్రగా, తడిగా, పైనుంచి కిందిదాకా చీరుకుపోయింది. మూడిళ్ళూ లేవు. కొబ్బరిచెట్లు తలకిందులుగా మట్టిలో కూరుకుని ఉన్నాయి. ఒక చెట్టు మొదలుకి తాడు కట్టి ఉంది, ముడి ఊడలేదు.

బడిలో అందరినీ నిలబెట్టి లెక్క చూసుకున్నారు. అందరూ ఉన్నారు, తీకా తప్ప. కాపితాన్ ఉర్బానో గంజి గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకోకుండానే పార తీసుకుని బయల్దేరాడు. మర్నాడు పొద్దున్న దొరికింది. పక్కనే సెన్యోరా. ఊకసంచి ఇంకా కట్టు విప్పలేదు. రేడియోలో ఆ సాయంత్రం వాతావరణం గురించి చెప్పనేలేదు, పాటలు వేశారు.

సల్వా రాత్రంతా గంజినీళ్ళలో గుడ్డ ముంచి పందిపిల్లల నోళ్ళలో పెట్టింది. అవి చీకినట్టే చీకి వదిలేశాయి. పొద్దుటికి రెండు చల్లబడ్డాయి. నల్లమచ్చది మాత్రం ఆమె వేలు వదలడం లేదు.

ఎండ వచ్చింది. ఇన్ని రోజుల తర్వాత. మిల్లు లియాండ్రో దగ్గర పనిచేసే ఆనియో మెత్తటి గోనె ఒకటి పట్టుకుని వెనక గుమ్మంలోకి వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఆయన దొడ్లో ఇంకోటి మొన్ననే ఈనింది అక్కా. దాని కిందకి వదుల్తాం. ఇక్కడుంటే ఒక్కటీ బతకదు."

"వీటిల్లో సగం ఆవిడవి," అంది సల్వా.

"కాదన్నానా?" అన్నాడు ఆనియో మెల్లగా. "మరి ఎవరితో పంచమంటావో చెప్పు."

 తీకాకి పిల్లలు లేరు, తోడబుట్టినవాళ్ళు లేరు, ఆమె తరఫున వచ్చి సంచి పట్టుకునేవాళ్ళెవరూ లేరు. ఆరింటిని ఆనియోయే ఎత్తి గోనెలో పెట్టుకున్నాడు. నల్లమచ్చది సల్వా ఒళ్ళో ఉంది. ఉంచుకుంటే చస్తుంది. ఇస్తే బతుకుతుంది, లియాండ్రో పందై బతుకుతుంది. ఆనియో ఇటు చూడకుండా గోనె మూతి పట్టుకుని నిలబడ్డాడు.

దాని కాలి పీలిక ముడి తడిసి వేళ్ళకి రాలేదు. సల్వా పంటితో విప్పింది. పిల్లని గోనెలోకి దించి, ఆనియో సందు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది.

గుమ్మంలో డబ్బా ఉంది. ఎవరూ చెప్పకుండానే, అలవాటు కొద్దీ, వంటింట్లోవాళ్ళు కూర తొక్కలూ, చేప తలలూ, కడుగునీళ్ళూ అందులోనే పోస్తూ వచ్చారు. అంచుదాకా నిండింది. సల్వా వంగి, ఎర్రపూల పీలికను మళ్ళీ తీగ పిడికి చుట్టి, కొస లోపలికి దోపింది, ఎత్తుకునేవాళ్ళ చెయ్యి కోసుకోకుండా.