చూడకుండా జరిపిన కార్డు

ఖానాపురం హవేలిలో టైర్ల షాపు పైనున్న ఆ ఆఫీసులో పొద్దున్నే అందరూ నిలబడి మాట్లాడుకునేవాళ్లు. కుర్చీలు లేక కాదు. కూర్చుంటే ముచ్చట్లు సాగుతాయని, నిలబడితే కాళ్లు లాగి తొందరగా తేలుస్తారని. దానికి స్టాండప్ అని పేరు పెట్టుకున్నారు. కోటేష్‌కు మాత్రం అది బడిలో బెంచీ ఎక్కించినట్టే ఉండేది. తొమ్మిదో తరగతి మధ్యలో బడి వదిలేసిన మనిషి, నలభై దాటాక మళ్లీ ఒకరి ముందు నిలబడి జవాబులు చెప్పుకోవాలి. అంతకంటే భాగ్యం ఏముంటుంది!

ప్రశ్నలు మూడే. నిన్న ఏం చేశావు, ఈరోజు ఏం చేస్తావు, నీ పనికి ఏం అడ్డం వస్తోంది. మొదటి రెండూ ఎట్లాగో గట్టెక్కేవి. మూడోది అడగ్గానే కోటేష్ "ఏం లేదు మేడం, అంతా ఓకే" అనేవాడు. ఎప్పుడూ అదే.

"అన్నా, మీకొక్కరికే అడ్డమనేది రాదేంది?" అని నవ్వేది ఫరహా. "నాకు లేస్తే అడ్డం, కూసుంటే అడ్డం. మీకు దిష్టి తీయాలె."

టీమును నడిపే హేమలత నవ్వేది కాదు. "అడ్డం చెప్పుడు తప్పు గాదు కోటేషన్నా. చెప్తే అందరం కలిసి తీస్తం. దాస్తేనే పని చెడ్తది."

కోటేష్ తలూపేవాడు. మనసులో మాత్రం వేరే అనుకునేవాడు. చదువుకున్నవాళ్లు తమకు చేతగాని సంగతి ఇంగ్లీషులో చెప్పుకుంటే అది సమస్య. మనం చెప్తే నవ్వులాట.

అసలు అతను డ్రైవరు. భద్రాచలం వైపు అడవి పల్లెలకు మందుల బండి తిప్పే ఒక ట్రస్టులో పని. బండి ఎప్పుడొస్తుందో పల్లెలవాళ్లకు ముందే ఫోన్లో తెలిసేలా చేయమని ట్రస్టు ఈ కంపెనీకి పని అప్పజెప్పింది. ఊళ్లు తెలిసి, లంబాడీ మాట వచ్చిన మనిషి ఒకడు టీములో కావాలని హేమలత అడిగితే కోటేష్‌ను పంపారు. జూనియర్ కోఆర్డినేటర్ అని మెడలో బిళ్ల వేశారు. జుట్టు సగం నెరిసినా పేరు ముందు జూనియరే.

పని వినడానికి సులువే. బండి వెళ్లే ముందురోజు తండాల్లోని ఫోన్లకు వాట్సాప్‌లో కబురు వెళ్లాలి. చదవలేని వాళ్లే ఎక్కువ కాబట్టి రాతలో కాదు, గొంతుతో. ఆ గొంతు కోటేష్‌దే. "రేపు మందుల బండి వస్తుంది, రోడ్డు మీదికి రండి" అని లంబాడీలో చెప్పి రికార్డు చేశాడు. దాన్ని వేళకు పంపే ప్రోగ్రాం ఫరహాది. ఆమెకు అది మొదటి ఉద్యోగం, ఇంకా పర్మనెంటు కాలేదు. ఈ పని సరిగ్గా నడిస్తేనే అవుతుందని ఆఫీసులో అందరికీ తెలుసు.

గోడకు అద్దపు బోర్డు ఉండేది. ఒక్కో పనికి ఒక్కో రంగు కాగితం. వాటిని కార్డులనేవాళ్లు. చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి అనే గళ్లలో ఆ కార్డును జరుపుతూ పోవాలి. కళ్లారా చూడనిదే ఎవరూ చివరి గడిలోకి జరపకూడదని హేమలత పెట్టిన కట్టు.

కోటేష్ వంతుకు మొదటిసారి ఒక కార్డు వచ్చింది. రాళ్లవాగు తండాకు వెళ్లి, కబురు ఇళ్లలోని ఫోన్లకు వేళకు అందుతోందో లేదో చూసి రావాలి.

"మీ అత్తగారి తండానే కదా అన్నా! కోడికూర గ్యారంటీ," అంది ఫరహా.

"అవ్," అన్నాడు కోటేష్. అక్కడే నోరు విప్పి చెప్పాల్సింది.

ఆ తండాలో అతను కాలుపెట్టి ఏళ్లయింది. బావమరిది పెళ్లిలో మామ లాల్‌సింగ్, టీచరు ఉద్యోగమున్న చిన్నల్లుణ్ణి చెయ్యి పట్టుకుని పెద్దమనుషుల పంక్తిలో కూర్చోబెట్టాడు. పెద్దల్లుడితో "నువ్వు జర ఆగు, పిల్లలతోటి తిందువు" అన్నాడు. కోటేష్ భార్య సరళను వెంటబెట్టుకుని, తినకుండానే బండెక్కాడు. ఆ గడప మళ్లీ తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడు. సరళ ఒక్కతే పోయి వచ్చేది. వాళ్లెట్లున్నారని అతను అడిగేవాడు కాదు.

మూడో ప్రశ్నకు జవాబు అదే. కానీ కంప్యూటర్లతో మాట్లాడే పిల్లల ముందు నిలబడి, నాకు అడ్డం మా మామ అని ఏ మొహంతో చెప్తాడు?

మోటారుసైకిల్ మీద పాల్వంచ దాటి, తండాకు తిరిగే మలుపు దాకా వెళ్లాడు. అక్కడ టీ తాగాడు. సవారీల కోసం ఆగిన తండా ఆటోవాడు దేవ్లా కనిపిస్తే అడిగాడు.

"ఇక్కడ సిగ్నల్ మంచిగుంటదా?"

"ఫుల్ గీతలు మామా. గీడ్నే కూసోని సినిమాలు సూస్తున్న."

"తండాల?"

"కొత్త టవర్ ఏసిన్రు గద, ఉంటది తీ. ఏంది, అత్తగారింటికి పోతలేవా?"

"పనుంది."

తండా గుట్ట వెనకాల ఉంది. గుట్ట ఇవతల వచ్చే సిగ్నల్ అవతల రాదని కోటేష్‌కు తెలియనిది కాదు. కొత్తల్లుడిగా ఉన్న రోజుల్లో ఫోను పట్టుకుని ఆ గుట్ట ఎన్నిసార్లు ఎక్కలేదు! తెలిసే, టవర్ వేశారు కదా అని సర్దిచెప్పుకున్నాడు.

మర్నాడు స్టాండప్‌లో కార్డు తీసి చివరి గడిలో అంటించాడు. "అందుతున్నది మేడం."

ఫరహా చప్పట్లు కొట్టింది. "అన్న మొదటి కార్డు! ఇయ్యాల చాయ్ నాది."

ఆ చాయ్ తాగాడు.

బండి వెళ్లిన రోజు తండా నుంచి ఒక్క మనిషి కూడా రోడ్డు మీదికి రాలేదు. డ్రైవరు హారన్ కొట్టి కొట్టి విసిగి వెళ్లిపోయాడు. ట్రస్టువాళ్లు కంపెనీ యజమాని తుల్సీరాంకు ఫోన్ చేసి కడిగేశారు. ఆయన వచ్చి ఫరహా టేబుల్ ముందు నిలబడ్డాడు.

"ఏం రాసినవమ్మా? రెట్రోలోపు తప్పెక్కడుందో సూపియ్యి. లేకుంటే నీ సంగతి ఆలోచించాల్సొస్తది."

రెట్రో అంటే ఒక విడత పని ముగిశాక అందరూ కూర్చుని, ఏది ఎందుకు చెడిందో తేల్చుకునే సమావేశం. అప్పటిదాకా ఫరహా కంప్యూటర్ ముందు నుంచి లేవలేదు. తెచ్చుకున్న అన్నం డబ్బా తెరిచేది కాదు.

"జర తినమ్మా," అన్నాడు కోటేష్ ఒక మధ్యాహ్నం.

"ఎట్ల తినాలన్నా? కబురు ఆలస్యంగ చేరినట్టు కనబడుతున్నది. సిగ్నల్ అందామంటే మీరే ఇండ్లల్ల సూసొచ్చిన్రు. ఇగ మిగిలింది నా ప్రోగ్రామే. ఎక్కడ తప్పు రాసిన్నో దొరుకుతలేదు." కళ్లు తుడుచుకుని నవ్వబోయింది. "తీసేస్తే మా అన్న వసీం భాయ్ బెల్టుల షాపుల కూసోని బిల్లులు కొట్టుడే."

కోటేష్ మాట మీద నమ్మకంతోనే ఆమె తనను తాను తప్పుపట్టుకుంటోంది. అప్పుడే చెప్పేయొచ్చు. నీళ్లు తాగి లేచిపోయాడు. ఇంటికెళ్తే సరళ మొహం చూడలేకపోయాడు. ఆఫీసులో బోర్డు వైపు చూస్తే చివరి గడిలో ఆ కార్డు, కింద తన పేరు.

రెట్రోకు తుల్సీరాం కూడా వచ్చి కూర్చున్నాడు. ఫరహా లేచింది. "తప్పు దొరకలేదు సార్. కానీ రాసింది నేను, బాధ్యత నాదే."

కోటేష్ లేచాడు. "నేను తండాకు పోలే సార్," అన్నాడు. "రోడ్డు కాడికి పోయి మళ్లొచ్చిన. సూడకుండనే కార్డు జరిపిన. ఈ పిల్ల తప్పేం లేదు."

"పోలేదా? ఎందుకు పోలే?"

"ఎండ కొట్టింది సార్. బద్ధకమైంది."

అంత సులువుగా మళ్లీ అబద్ధం ఎట్లా వచ్చిందో అతనికే తెలియలేదు. పంక్తిలో కూర్చోబెట్టని అల్లుడనిపించుకోవడం కంటే బద్ధకస్తుడనిపించుకోవడం నయమనుకున్నాడు కాబోలు.

"వాపస్ ట్రస్టుకే పో," అన్నాడు తుల్సీరాం.

"నిజం చెప్పినోణ్ణి పంపిస్తే రేపటి నుంచి ఎవ్వరూ నోరిప్పరు సార్," అంది హేమలత. "ముందుగాల ఫరహా తప్పు లేదని మీరనండి."

"లేదు, లేదు. ఆమె ఉద్యోగానికేం గాదు," అని గొణిగాడాయన.

హేమలత లేచి ఆ కార్డును మళ్లీ మొదటి గడిలో అంటించింది. "ఈసారి ఇద్దరు పోండ్రి. ఫరహా, నువ్వూ పో."

ఫరహా కోటేష్ వైపు చూడలేదు.

ట్రస్టు జీపు కోటేష్ నడిపాడు. ముందు సీటు ఖాళీగా ఉన్నా ఆమె వెనకే కూర్చుంది. మలుపు దగ్గర ఒక్కసారి నోరు విప్పింది.

"ఇక్కడి దాకేనా వచ్చింది?"

"అవ్."

తండాలో కోటేష్ అత్త ఇంటి ముందు కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. అల్లుణ్ణి చూసి గబగబా లేచి నీళ్లిచ్చింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు చేరారు.

"నీ గొంతు వచ్చింది బిడ్డా ఫోన్ల," అంది. "మీ మామ బర్లను తోలుకోని గుట్ట మీదికి పోతే టింగుమన్నదట. కిందికి తెచ్చి అందరికీ ఇనిపిచ్చిండు. రేపు బండొస్తది అంటివి. మర్నాడు తెల్లారంగనే పోయి రోడ్డు మీద కూసున్నం. పొద్దుగూకేదాక కూసున్నం."

ఫరహాకు అర్థమైంది. "కబురే ఒక రోజు ఆలస్యంగ అందింది. బండి అంతకు ముందే వచ్చిపోయిందమ్మా."

"దేవ్లా గట్లనే చెప్పిండు. నిన్ననే పోయింది, లేవున్రి అని. మీ మామ వాని మీదికి ఎగిరిండు. మా పెద్దల్లుడు చెప్పినంక ఎట్ల రాదురా అని. ఎండకు నాకు కండ్లు తిరిగినయ్. బీపీ గోలీలు అయిపోయె, పక్కింటి శ్యామల కాడ అడుక్కోని మింగుతున్న."

కోటేష్ చేతిలో చెంబు అట్లాగే ఉంది. తాగనూ లేదు, దించనూ లేదు.

"ఇన్నొద్దులు ఎందుకు రాలేదమ్మా ఈయన?" అని అడిగింది ఫరహా.

"పెళ్లిల పెద్దమనుషుల పంక్తిల కూసోబెట్టలేదని అలిగిండు. మాదే తప్పనుకో. గని గింత అలుకనా బిడ్డా?"

ఫరహా అతని వైపు తిరిగింది. రెట్రో తర్వాత సూటిగా చూడడం అదే మొదటిసారి. "ఎండ గాదన్నట్టు. దీనికేనా?"

కోటేష్ తల ఎత్తలేదు. "దీనికే."

"పోబుద్ధి గాదు అని ఒక్క మాట అంటే నేను బస్సెక్కి పోయేదాన్ని. ఏడ తప్పు రాసిన్నో అని తల పగలగొట్టుకున్న. మీరు పక్కనే కూసోని సూసిన్రు."

జవాబు కోసం ఆమె ఆగలేదు. ఫోను తీసి, రికార్డు నొక్కి అతని మొహం ముందు పెట్టింది. "కొత్తగ చెప్పున్రి. రేపు అనొద్దు. ఏ వారమో పేరు పెట్టి చెప్పున్రి. గుట్ట ఎక్కేసరికి ఆలస్యమైనా అర్థం కావాలె."

కోటేష్ చెప్పబోయాడు. మంగళవారం అన్న మాట సగంలో ఆగింది. మళ్లీ మొదలుపెట్టాడు.

గుంపులోంచి ఒక ముసలమ్మ అడిగింది. "ఈసారన్న నిజంగ వస్తదా అల్లుడా?"

అతను నోరు తెరిచేలోపే ఫరహా అంది: "ముందురోజు నేనొచ్చి సూసుకుంట అవ్వా."

ముసలమ్మ సరేనని తలూపింది, ఫరహా వైపే చూస్తూ.