రాగిణి సంతకం

మా ఆయన పేరు సత్యం. ఆయన రాసిన అరవై మూడు నవలల్లో ఏ ఒక్కదాని మీదా ఆ పేరు ఉండదు. నా పేరు ఉంటుంది. వెనక అట్ట మీద నా ఫోటో కూడా ఉంటుంది.

అప్పట్లో వారపత్రికల్లో ఆడవాళ్ళ పేర్లకు గిరాకీ. ఎడిటరు మంచి ఆడపేరు ఒకటి చెప్పమంటే, మా ఆయన బుర్రకు పని చెప్పకుండా ఇంట్లో ఉన్న పేరు ఇచ్చేశారు. ఫోటో అడిగితే పెళ్ళి ఆల్బమ్‌లోంచి నన్ను కత్తిరించి పంపారు, ఆ తర్వాత ఎప్పటికప్పుడు కొత్త ఫోటోలు పంపుతూ వచ్చారు. నన్ను ఒక్క మాట అడగలేదు. నేను బాలికల హైస్కూల్లో లెక్కల టీచర్ని. పిల్లలు డెస్కు కింద "పిశాచి పుట్టింటికొచ్చింది" పెట్టుకుని చదివేవారు. లాక్కుని తిప్పి చూస్తే నా మొహం! హెడ్మిస్ట్రెస్ గదికి పిలిచి సిగ్గు లేదా అంది. నేను రాయలేదంటే నమ్మలేదు. రిటైరయ్యేదాకా నేను పిశాచాల టీచర్నే.

పోనీ, ఆ రాతలైనా ఏపాటివి? మొదట్లో డిటెక్టివ్ సీరియల్స్ రాసేవారు. వారం వారం హడావుడిగా గిలికి పంపేసి, ఏం రాశారో మర్చిపోయేవారు. నాలుగో వారం చంపేసిన బావమరిదిని తొమ్మిదో వారం తీసుకొచ్చి కాఫీ తాగించారు. పాఠకులు ఉత్తరాలతో దుమ్మెత్తిపోశారు. నాకు ఒళ్ళు మండి, "చచ్చినవాడు కాఫీ ఎలా తాగుతాడండీ, దెయ్యమైతే తప్ప!" అన్నాను. ఆయన కళ్ళు మెరిశాయి. పదో వారం బావమరిది దెయ్యమైపోయాడు. అదీ మా ఆయన దెయ్యాల రచయిత అయిన వైనం. ఆ తర్వాత ఎవర్ని చంపి మర్చిపోయినా బెంగ లేదు, దెయ్యాన్ని చేసేయడమే.

ఇన్ని దెయ్యాలను పుట్టించిన మనిషికి చీకటంటే హడలు. రాత్రిపూట బాత్రూమ్‌కి వెళ్ళాలంటే నన్ను లేపుతారు. నేను లైటు వేసి, తలుపు బయట నిలబడి "ఉన్నాను, ఉన్నాను" అంటూ ఉండాలి. నలభై ఏళ్ళుగా నాకిదో ఉద్యోగం.

ఈ వేసవిలో మా అమ్మాయి దేదీప్య దగ్గరికి అమెరికాలో టెక్సస్‌లోని ఫ్రిస్కో వచ్చాం. ఇండియన్ స్టోర్లో కరివేపాకు ఏరుకుంటుంటే, ఇక్కడి తెలుగు సంఘం సెక్రటరీ ఫణి నన్ను చూసి కేకేసినంత పని చేశాడు.

"మీరు రాగిణి గారు కదా! ఓ మై గాడ్ ఆంటీ, మా మమ్మీ మీ నవల్స్ అన్నీ చదివింది. సండే మీకు ఫెలిసిటేషన్ అరేంజ్ చేస్తాం. నో అనొద్దు."

"అవి నేను రాయలేదు బాబూ."

"ఎంత హంబుల్ ఆంటీ మీరు!"

ఇంటికొచ్చి, మీరే వెళ్ళి శాలువా కప్పించుకోండి అన్నాను. ఆయన మొహం మాడిపోయింది. ఎందుకంటే మా ఆయన ఇప్పుడు వేదాంతి. శనివారాలు జూమ్‌లో ఆత్మ గురించి ఉపన్యాసం ఇస్తారు. ఈ ఊరివాళ్ళే ముప్పైమంది కళ్ళు మూసుకుని వింటారు. వింటారో, నిద్రపోతారో ఆ దేవుడికే తెలియాలి.

"ఆత్మ గురించి చెప్పేవాణ్ణి, పిశాచాలు రాశానంటే నలుగురూ నవ్వరటే? నలభై ఏళ్ళు మోశావు, ఇంకో గంట మోయలేవా?" అన్నారు.

ఆ మాటతో ఆయన మీద మిగిలిన కాస్త జాలీ పోయింది. నేను పోయేలోపు నా పేరు నాకు కావాలనిపించింది. సరే, వెళ్తానన్నాను.

ఆదివారం మధ్యాహ్నం లైబ్రరీ హాల్లో "హారర్ క్వీన్ రాగిణి" అని పెద్ద బ్యానర్ కట్టారు. నా ఫోటో పక్కన గబ్బిలం బొమ్మ. మా ఆయన పట్టుపంచె కట్టుకుని, ముందు వరుసలో తన శిష్యుల మధ్య ఏమీ ఎరగనట్టు కూర్చున్నారు. నాకు శాలువా కప్పినప్పుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. తర్వాత ఆటోగ్రాఫులకు లైను కట్టారు. అందరికంటే ముందు రజిని అనే ఆవిడ ఒక పాత బైండు పుస్తకం నా ముందు పెట్టింది. వాళ్ళమ్మ వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు ఒక్కొక్కటీ చింపి దాచి, దారంతో కుట్టుకున్న పుస్తకం అది.

"అమ్మ లాస్ట్ ఇయర్ పోయింది ఆంటీ. రాసినవాళ్ళ సంతకం దీనిమీద ఉండాలని ఎప్పుడూ అనేది."

ఆ కుట్టు చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఇలాంటి చెత్తకి అంత పొందికైన కుట్టా! ఆ తల్లికి దొంగ సంతకం పెట్టడానికి చెయ్యి రాలేదు. పెన్ను తీసుకుని "సత్యం" అని రాశాను.

"సత్యం ఎవరు ఆంటీ?" అంది రజిని.

మైకు ఇంకా నా ముందే ఉంది. "రాసినాయన. అదిగో, ముందు వరుసలో పట్టుపంచె. అరవై మూడూ ఆయనవే. నావి పేరూ మొహమూ మాత్రమే. ఆ రెండూ ఈరోజు వెనక్కి తీసుకుంటున్నాను."

శిష్యులు ముప్పైమందీ ఈసారి కళ్ళు బాగా తెరిచి ఆయన్ని చూశారు. ఎవరో కిసుక్కున నవ్వారు.

ఫణి తేరుకుని మైకు అందుకున్నాడు. "వాట్ ఎ ట్విస్ట్! సత్యం అంకుల్, ప్లీజ్, స్టేజ్ మీదికి రండి!"

నేను శాలువా తీసి, మడిచి బల్ల మీద పెట్టి, కిందికి దిగాను. ఆయన లేచి నిలబడ్డారు. నా చెయ్యి పట్టుకుని, రాత్రిళ్ళు నన్ను లేపే గొంతుతోనే, "నువ్వూ రావే" అన్నారు.

నేను చెయ్యి విడిపించుకుని ఆయన కుర్చీలో కూర్చున్నాను.

"ఒక్కరే వెళ్ళండి," అన్నాను. "లైటు వేసే ఉంది."