అమ్మ అడిగిన ట్రిప్పు

ట్రిప్పంటే మా అమ్మాయికి బడివాళ్లు బస్సెక్కించి రాజధాని చూపించుకు రావడం. మా ఆవిడకి ఎండుచేపల బుట్టతో సంతకు పోయి రావడం. కరెంటు పోతే మా వీధివాళ్లు ట్రిప్పయిందంటారు. నాకు మాత్రం ఇరవై ఏళ్లుగా ట్రిప్పంటే లారీడు ఇసుక.

మా ఊరు సన్నటి ఇసుక తిన్నె మీద ఉంది. ఒక పక్క ఉప్పుకయ్య, ఇంకో పక్క సముద్రం. పట్నంలో మేడలు కట్టుకునేవాళ్లకి మా ఒడ్డు ఇసుకే తోలాను. నేనొక్కణ్ణే తోలలేదు గానీ, అందరికంటే ముందు లారీ తీసేది ఈ దోత్సేనే. తవ్విన చోట సముద్రం మళ్లీ తెచ్చి పోస్తుందిలే అనుకునేవాళ్లం. పోయలేదు. అదే వచ్చి కూర్చుంది.

ఈ వానాకాలం అది అమ్మ వాకిట్లోకి వచ్చింది. వాకిట్లో నాన్న సమాధి ఉంది. సమాధికీ అలలకీ మధ్య పదడుగుల నేల మిగిలింది.

"సామాను లారీలో వేసుకుందాం, పదమ్మా," అన్నాను.

అమ్మ మొక్కజొన్న పిండితో అక్‌ప్లే ముద్ద కలుపుతోంది. తలెత్తలేదు. "మీ నాన్ననెక్కడ వేస్తావు? మంచాల మీదా, కుండల కిందా?"

"పోయినాయన కోసం నువ్వు మునిగిపోతావా?"

"ఊరూరికీ తోలావు గదరా దోత్సే. నాకొక్క ట్రిప్పు తోలు. ఆయన సమాధి ముందు గట్టుగా పొయ్యి. ఇన్నేళ్లలో నిన్నింకేమన్నా అడిగానా?"

అడగలేదు.

మా ఒడ్డున తవ్వడానికి ఇసుక లేదు, నల్ల బురద తేలింది. తూర్పున మూడు మైళ్ల దూరంలో కఫూయి అక్కనిచ్చిన ఊరుంది. అక్కడ ఒడ్డింకా వెడల్పే. ఆదివారం ఊరంతా ప్రార్థనకు పోయిన వేళ ఇద్దరు కూలీలతో వెళ్లాను. గామేలి బావ పడవ బోర్లించిన చోటికి కాస్త ఇవతల, కొబ్బరిచెట్ల మొదళ్లలో తవ్వించాను. ఒక్క ట్రిప్పుకేమవుతుందిలే అనుకున్నాను. ఇరవై ఏళ్లుగా రోజూ అనుకున్న మాటే.

ఆ ఇసుక వారం తిరక్కుండా కొట్టుకుపోయింది. ప్రతి ఆదివారమూ ఇంకొకటి తెచ్చాను. ఆరో ట్రిప్పుకి గట్టు నిలిచింది. మర్నాడు మధ్యాహ్నం అమ్మ మురిసిపోతూ గట్టును చేత్తో సర్దుతుంటే ఒక వల బెండు బయటపడింది. దానికి నీలం దారం చుట్టి ఉంది. మా తీరంలో ఏ ఇంటివాళ్ల బెండ్లకి ఆ ఇంటి రంగు దారం చుడతారు. నీలం గామేలి వాళ్లది.

"ఇదెక్కడ తవ్వావురా?"

నేను నేల చూశాను. అమ్మ బెండుకంటిన ఇసుక తుడిచింది.

"ఎత్తు," అంది. "మళ్లీ లారీకెత్తు. ఎక్కడిది అక్కడే పోసి రా. మీ నాన్న సంగతి నేను చూసుకుంటా."

"ఆయన పోతాడమ్మా."

"పోనీ. మీ అక్క బతికుంది గదరా."

పార తీసి నాలుగు సార్లు ఎత్తానో లేదో, బాట మీద అక్క కనిపించింది. నెత్తిన పరుపుచుట్ట, వెనక ముగ్గురు పిల్లలు. పొద్దున పోటుకి ఆ కొబ్బరిచెట్లు పడిపోయాయట, వాటితోపాటు వంటిల్లు, గంటలోపే ఇల్లూ. బావ ఇంకా నీళ్లలో గిన్నెలు ఏరుతున్నాడట.

అక్క పరుపు దించింది. గట్టునీ, దాని వెనక చెక్కుచెదరని సమాధినీ చూసింది. నా చేతిలో పారని చూసింది. ఇల్లు పోయినదాని గురించి అంతసేపూ ఏడవనిది, ఇప్పుడు ఏడ్చింది.

"నాన్ననైనా నిలబెట్టావు తమ్ముడూ," అని నా చెయ్యి పట్టుకుంది. "మాకూ ఒక ట్రిప్పు తోలమని నీకు కబురు పెడదామనే అనుకున్నాం. నీకెందుకు శ్రమలే అన్నాడు మీ బావ."

అమ్మ ఆ బెండును పిడికిట్లో మూసేసింది. పిల్లలకి ఆకలిగా ఉంటుంది, లోపలికి రండి అంది.